రూటర్ పాస్‌వర్డ్ మర్చిపోతే: పిన్నీసు పట్టుకునే ముందు

"వెనక చిన్న బొక్క ఉంటుంది, పిన్నీసు పెట్టి పది సెకన్లు నొక్కు, డబ్బా కొత్తదైపోతుంది." రూటర్ పాస్‌వర్డ్ మర్చిపోయామంటే ఎవరైనా ముందు చెప్పేది ఇదే. మాట అబద్ధం కాదు, డబ్బా నిజంగానే కొత్తదవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. కొత్త డబ్బాకి మీ కనెక్షన్ ఐడీ తెలీదు, మీ వీధిలో ఏ వీల్యాన్ నంబరు (ఒకే లైన్లో నెట్ కోసం వేరుచేసిన దారి నంబరు) మీద నెట్ వస్తుందో తెలీదు. అప్పటిదాకా వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే లేదు, నెట్ మాత్రం నడుస్తోంది. పిన్ను నొక్కాక పాస్‌వర్డ్ చేతికొస్తుంది, నెట్ పోతుంది. అదీ ఆదివారం సాయంత్రమైతే కేబుల్ అబ్బాయి ఫోన్ ఎత్తడు.

అందుకే రీసెట్ అన్నది ఈ పనిలో ఆఖరి మెట్టు. దానికి ముందున్న దారులు చాలామందికి సరిపోతాయి, పిన్నుతో పనే పడదు.

ముందు తేల్చుకోవాల్సింది: మర్చిపోయింది ఏ పాస్‌వర్డ్?

ఒక రూటర్ చుట్టూ మూడు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పేది వైఫై పాస్‌వర్డ్. అది ఫోన్లో కొడతాం. రెండోది రూటర్ లోపలి సెట్టింగుల పేజీది, అంటే అడ్మిన్ పాస్‌వర్డ్. దాన్ని బ్రౌజర్లో 192.168 తో మొదలయ్యే చిరునామా తెరిచాక కొడతాం. మూడోది నెట్ కంపెనీ ఇచ్చిన కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. దీన్ని పీపీపీఓఈ అంటారు. కనెక్షన్ పెట్టిన రోజు ఆ అబ్బాయి తన ఫోన్లోంచి చూసి కొట్టేసి వెళ్ళి ఉంటాడు. ఇంట్లో ఎవరూ దాన్ని చూసి కూడా ఉండరు. రీసెట్ కొడితే మొదటి రెండూ డబ్బా కింది స్టిక్కర్ మీదున్న విలువలకి తిరిగొస్తాయి. మూడోది చెరిగిపోతుంది, అది ఏ స్టిక్కర్ మీదా ఉండదు.

పోయింది వైఫై పాస్‌వర్డే అయితే

ఇంట్లో ఏదో ఒక ఫోనో ల్యాప్‌టాపో ఇంకా వైఫైకి కలిసే ఉంటే పాస్‌వర్డ్ పోనట్టే. ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి ఫోన్లలో సెట్టింగ్స్‌లో వైఫైలోకి వెళ్ళి, కలిసున్న నెట్‌వర్క్ పక్కనున్న చక్రం గుర్తు నొక్కి, షేర్ అన్నది నొక్కండి. వేలిముద్రో పిన్నో అడిగి క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. చాలా ఫోన్లలో ఆ కోడ్ కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో కూడా కనపడుతుంది. కొన్ని కంపెనీల ఫోన్లు కోడ్ మాత్రమే చూపించి ఊరుకుంటాయి. అప్పుడు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, గూగుల్ లెన్స్‌తోనో ఏదైనా క్యూఆర్ స్కానర్‌తోనో చదివించండి. వచ్చే వరుసలో ఎస్ అక్షరం, కోలన్ తర్వాత ఉండేది వైఫై పేరు. పీ అక్షరం, కోలన్ తర్వాత నుంచి సెమీకోలన్ దాకా ఉండేది పాస్‌వర్డ్. మధ్యలో వెనక్కి వాలిన గీత ఏదైనా కనిపిస్తే సాధారణంగా అది పాస్‌వర్డ్‌లో భాగం కాదు. కోలన్, కామా లాంటి గుర్తుల ముందు క్యూఆర్ కోడ్ పెట్టుకునే అడ్డుగీత అది.

ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి ఇది తేలిక. వైఫై పేజీలో పైన ఎడిట్ నొక్కితే ఇప్పటిదాకా కలిసిన నెట్‌వర్క్‌లన్నీ వరసగా వస్తాయి, పేరు పక్కన నొక్కితే పాస్‌వర్డ్ చూపిస్తుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, అక్కడ మీ నెట్‌వర్క్ ప్రాపర్టీస్ తెరిస్తే కింద వ్యూ వైఫై సెక్యూరిటీ కీ అని ఉంటుంది. విండోస్ 10 అయితే కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌కి వెళ్ళి, వైఫై పేరు నొక్కి, వైర్‌లెస్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, షో క్యారెక్టర్స్. టీవీని, సీసీ కెమెరాని నమ్ముకోవద్దు. అవి లోపల దాచుకుంటాయి గానీ బయటికి చూపించవు.

ఏదీ కలిసి లేదనుకుందాం. పాత ఫోన్ అమ్మేశారు, కొత్త ఫోన్ కొన్నారు. అప్పుడు రెండు దారులు.

ఒకటి, ల్యాన్ వైరు. రూటర్ వెనక పసుపు రంగులోనో ల్యాన్ అని రాసో ఉన్న పోర్టులో వైరు పెట్టి ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే వైఫై పాస్‌వర్డ్‌తో నిమిత్తం లేకుండా సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. సన్నటి కొత్త ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టు ఉండదు, యూఎస్‌బీ నుంచి ల్యాన్‌కి మార్చే అడాప్టర్ కావాలి. అదే అడాప్టర్‌ని టైప్ సీ పోర్టున్న ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెట్టినా చాలా ఫోన్లలో పనిచేస్తుంది. పల్లెలో అమ్మానాన్నల ఇంట్లో కంప్యూటర్ లేనప్పుడు ఇది బాగా పనికొస్తుంది.

రెండోది డబ్ల్యూపీఎస్ బటన్, పాస్‌వర్డ్ కొట్టకుండానే వైఫైకి కలిపేది. చాలామందికి ఇది గుర్తుకే రాదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో మీ వైఫై పేరు నొక్కి, పాస్‌వర్డ్ అడిగే చోట రూటర్ మీది బటన్ నొక్కి కూడా కలవచ్చని రాసి ఉంటే, రూటర్ దగ్గరికెళ్ళి డబ్ల్యూపీఎస్ బటన్ ఒక్కసారి నొక్కి వదలండి. రెండు నిమిషాల గడువుంటుంది, ఆలోపే కలిసిపోతుంది. కలిశాక పైన చెప్పిన షో క్యారెక్టర్స్ దారిలో వెళ్తే పాస్‌వర్డ్ మీ కళ్ళ ముందుంటుంది. ఐఫోన్లలో ఈ సౌకర్యం ఎప్పుడూ లేదు. ఆండ్రాయిడ్ 9 తర్వాతి ఫోన్లలో చాలావాటినుంచి తీసేశారు.

ఇక్కడొక ప్రమాదం పొంచి ఉంది. టీపీలింక్ లాంటి కొన్ని కంపెనీల మోడళ్ళలో డబ్ల్యూపీఎస్, రీసెట్ రెండూ ఒకే బటన్ మీద పెట్టారు. క్షణం నొక్కితే డబ్ల్యూపీఎస్, 5 నుంచి 10 సెకన్లు అదిమి పట్టుకుంటే రీసెట్. "పనిచెయ్యట్లేదు, ఇంకాస్త గట్టిగా నొక్కుదాం" అనుకున్నారంటే అన్ని లైట్లూ ఒక్కసారి వెలిగి ఆరతాయి. కొంప మునిగినట్టే. బటన్ పక్కన ఏం రాసుందో ముందు చదవండి.

అడ్మిన్ పేజీ తెరవడం

ముందు చిరునామా. 192.168.1.1 అని అందరూ కంఠతా చెబుతారు గానీ అది అన్ని డబ్బాలకీ కాదు. జియో ఫైబర్‌ది 192.168.29.1. టీపీలింక్, డీలింక్, టెండా రూటర్లు ఎక్కువగా 192.168.0.1 మీద ఉంటాయి. షావోమీది 192.168.31.1, హువావే ఫైబర్ డబ్బాలు 192.168.100.1. ఊహించే బదులు ఫోన్‌నే అడగొచ్చు. ఆండ్రాయిడ్‌లో వైఫై వివరాల్లో గేట్‌వే అనీ, ఐఫోన్‌లో నెట్‌వర్క్ పక్కన ఐ గుర్తు నొక్కితే రూటర్ అనీ కనిపించే నంబరే మీ చిరునామా.

ఆ నంబరు కొడితే గూగుల్ వెతుకులాట పేజీ వస్తోందంటే అడ్రస్ బార్‌లో కాకుండా వెతికే పెట్టెలో కొడుతున్నారన్నమాట. అసలేమీ రాకుండా తిరుగుతూ ఉంటే ఫోన్లో మొబైల్ డేటా ఆపండి. వైఫైలో నెట్ లేదని తెలియగానే ఫోన్ తెలివిగా డేటా మీదికి మళ్ళుతుంది. అటువైపు వెళ్తే మీ ఇంటి రూటర్ ఎక్కడ కనపడుతుంది? వీపీఎన్ యాప్ ఉంటే అదీ ఆపాలి. "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని ఎర్రగా బెదిరిస్తే కంగారు పడొద్దు. మీ ఇంట్లోని డబ్బా తన సర్టిఫికెట్ తానే రాసుకుంది కాబట్టి బ్రౌజర్ అలా అంటుంది. అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్ళొచ్చు. ఈ మాట మీ ఇంటి రూటర్ పేజీకి మాత్రమే, బ్యాంకు పేజీలో అలా వస్తే వెంటనే మూసేయండి.

ఇప్పుడు పాస్‌వర్డ్ సంగతి. ముందు ఇంట్లో అన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి 192 అని వెతకండి. ఎప్పుడో ఒకసారి లాగిన్ అయినప్పుడు "సేవ్ చెయ్యమంటారా" అంటే సరే అని ఉంటారు. ఇంత తేలిగ్గా దొరికే చోటు కనుకే ఎవరూ వెతకరు.

అక్కడ లేకపోతే స్టిక్కర్. డబ్బా అడుగునో వెనకో ఉంటుంది. గోడకి బిగించి ఉంటే స్టిక్కర్ గోడవైపే ఉంటుంది, చూసుకోండి! దాన్ని పీకి తిప్పే పని పెట్టుకోవద్దు. ఫోన్ కెమెరాని వీడియోలో పెట్టి, టార్చ్ వేసి, సందులోంచి కింద నుంచి పైకి మెల్లగా జరిపితే సరిపోతుంది. డబ్బాని తిప్పితే వెనకున్న ఫైబర్ వైరు మడత పడుతుంది. రాగి వైరులా అది మడతని సహించదు, లోపల గాజుపోగు. బొటనవేలి చుట్టూ చుట్టినంత బిగువుగా వంగితే వెలుతురు బయటికి కారిపోతుంది, ఎల్ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా కొట్టుకుంటుంది. పాస్‌వర్డ్ కోసం మొదలుపెట్టి లైన్ కోసం కంప్లయింట్ ఇవ్వాల్సొస్తుంది. వైరు ఊడి వస్తే ఆ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. లోపలికొచ్చే 1490 నానోమీటర్ల లేజర్ కంటికి కనపడదు, కనపడనంత మాత్రాన లేనట్టు కాదు.

స్టిక్కర్ మీది అక్షరాలు చాలా సన్నవి. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ ఎల్ అక్షరానికీ ఐ అక్షరానికీ, ఎనిమిదికీ బీ అక్షరానికీ తేడా తెలీదు. ఫొటో తీసి పెద్దది చేసి, పక్కపక్కన పోల్చి చూడండి. అక్కడే జీపాన్ ఎస్ఎన్ అని 12 అక్షరాల సంఖ్య ఉంటుంది. అది పాస్‌వర్డ్ కాదు, మీ డబ్బాకి నెట్ కంపెనీ దగ్గరున్న గుర్తింపు. మొదటి నాలుగు అక్షరాలు తయారీదారువి. ఫొటోలో అది కూడా పడేలా చూసుకోండి, తర్వాత ఫోన్లో అడుగుతారు.

స్టిక్కర్ మీద ఏమీ లేని పాత రూటర్లకి కంపెనీ పెట్టిన మాటలుంటాయి. పాత టీపీలింక్, టెండా: యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే. పాత డీలింక్: అడ్మిన్, పాస్‌వర్డ్ ఖాళీ. నెట్‌గేర్: అడ్మిన్, పాస్‌వర్డ్ అన్న ఇంగ్లీషు మాటే పాస్‌వర్డ్. అన్నీ చిన్నక్షరాల్లో. జియో ఫైబర్‌ది జియోసెంట్రమ్, జే అక్షరం ఒక్కటే పెద్దది. అయితే జియో, కొత్త టీపీలింక్ లాంటివి మొదటిసారి లాగిన్ అయినప్పుడే కొత్త పాస్‌వర్డ్ పెట్టమంటాయి. అంటే ఇవి పనిచేసేది ఎవరూ ఇంతవరకు ముట్టుకోని డబ్బాలోనే, లేదా రీసెట్ తర్వాత.

గుడ్డిగా కొడుతూ పోవద్దు. హువావే డబ్బాలు మూడు తప్పులకి ఒక నిమిషం తలుపు మూస్తాయి. పాత టీపీలింక్‌లు పది తప్పులకి రెండు గంటలు మూసేస్తాయి. ఆ రెండు గంటల్లో సరైన పాస్‌వర్డ్ గుర్తొచ్చినా ఒప్పుకోవు. తోచిన నాలుగైదు ముందు కాగితం మీద రాసుకుని వరసగా ప్రయత్నించండి.

నెట్‌గేర్ రూటర్లలో ముందే పాస్‌వర్డ్ రికవరీ ఆన్ చేసుంటే, లాగిన్ పెట్టెలో క్యాన్సిల్ కొడితే సీరియల్ నంబరు, తర్వాత రహస్య ప్రశ్నలు అడిగి దారి ఇస్తుంది. టీపీలింక్‌కి టెథర్ యాప్‌లో మీ టీపీలింక్ ఐడీ కలిపి ఉంటే ఆ ఐడీతో లోపలికి వెళ్ళొచ్చు, ఆ ఐడీ పాస్‌వర్డ్ మర్చిపోయినా ఈమెయిల్‌తో మార్చుకోవచ్చు. ఎయిర్‌టెల్, జియో వాడేవాళ్ళకి కావాల్సింది వైఫై పాస్‌వర్డ్ మార్చడమే అయితే అడ్మిన్ పేజీ జోలికే పోనక్కర్లేదు. ఎయిర్‌టెల్ థాంక్స్, మైజియో యాప్‌లలోంచే మార్చొచ్చు.

లోకల్ కేబుల్ ఆపరేటర్ కనెక్షన్ అయితే అడగాల్సిన మనిషి వేరే. కనెక్షన్ పెట్టిన అబ్బాయిలు చాలాచోట్ల కాలనీ అంతటికీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టుకుంటారు, ఎప్పుడొచ్చినా తేలిగ్గా ఉంటుందని. భద్రత మాట అటుంచితే, మీకు మాత్రం ఒక్క ఫోన్ కాల్‌తో పనైపోతుంది.

రీసెట్ కొట్టక తప్పకపోతే, ముందు సామాను సర్దుకోండి

ఇక్కడ కనెక్షన్లు రెండు రకాలు. పెద్ద కంపెనీల డబ్బాలు తమ కేంద్ర సర్వర్ నుంచి సెట్టింగులు తామే తెచ్చుకుంటాయి. టీఆర్-069 అనే పద్ధతి ఇందుకోసమే ఉంది. జియో ఫైబర్‌లో యూజర్‌నేమ్ కొట్టే పనే లేదు. రీసెట్ అయ్యాక పది నిమిషాలు ఊరుకుంటే నెట్ దానంతటదే వస్తుంది. ఆ పది నిమిషాల్లో కంగారుపడి మళ్ళీ కరెంటు తీయకుండా ఉంటే చాలు.

రెండో రకం, పీపీపీఓఈ మీద నడిచేవి. బీఎస్ఎన్ఎల్ ఫైబర్, ఊళ్ళలో కేబుల్ ఆపరేటర్లు ఇచ్చే కనెక్షన్లలో ఎక్కువ భాగం ఈ కోవలోవి. వీటికి రీసెట్‌కి ముందే నాలుగు వివరాలు చేతిలో ఉండాలి: కనెక్షన్ యూజర్‌నేమ్, దాని పాస్‌వర్డ్, వీల్యాన్ ఐడీ, డబ్బా రూట్ మోడ్‌లో (కనెక్షన్ లాగిన్ తనే చేసేది) ఉందా బ్రిడ్జ్ మోడ్‌లో (ఆ పని తర్వాతి రూటర్‌కి వదిలేసేది) ఉందా అన్నది. బీఎస్ఎన్ఎల్ యూజర్‌నేమ్ చివర ఎట్ గుర్తు, ఆ తర్వాత ఎఫ్‌టీటీహెచ్ డాట్ బీఎస్ఎన్ఎల్ డాట్ ఇన్ అని ఉంటుంది. ఆ తోక వదిలేసి ముందున్న నంబరు ఒక్కటే కొడితే లాగిన్ అవదు. వీల్యాన్ నంబరు దేశమంతా ఒకటి కాదు, ప్రాంతాన్ని బట్టీ అటువైపు ఎక్స్ఛేంజ్‌లోని పరికరాన్ని బట్టీ మారుతుంది. యూట్యూబ్‌లో చూసిన నంబరు మీకు పనిచేస్తుందన్న భరోసా లేదు.

ఫోన్ చేసి అడిగేటప్పుడు "నెట్ రావట్లేదు" అంటే లైన్‌మ్యాన్‌ని పంపిస్తామని పెట్టేస్తారు. సూటిగా "అన్నా, రూటర్ రీసెట్ కొట్టాలి. మా ఐడీ, పాస్‌వర్డ్, వీల్యాన్ నంబరు వాట్సాప్‌లో పెట్టండి, మిగతాది నేను చేసుకుంటా" అనండి. తన పని తగ్గిందని చాలామంది వెంటనే పంపిస్తారు.

అడ్మిన్ పేజీలోకి తక్కువ అధికారాలున్న యూజర్ లాగిన్‌తో అయినా వెళ్ళగలిగితే వ్యాన్ పేజీ, అంటే బయటినుంచి వచ్చే నెట్ కనెక్షన్ వివరాలుండే పేజీ, ఒకసారి చూడండి. చాలా ఫైబర్ డబ్బాల్లో రెండు అంచెల లాగిన్ ఉంటుంది. ఇంటివాళ్ళది వైఫై వరకే, కంపెనీవాళ్ళది మొత్తానికి. వ్యాన్ పేజీ తెరుచుకుంటే ప్రతి తెరా ఫొటో తీసుకోండి. పీపీపీఓఈ పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తే, కంప్యూటర్ బ్రౌజర్లో ఆ చుక్కల మీద కుడి క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ తీసి, టైప్ అన్న చోట పాస్‌వర్డ్ అన్న మాట చెరిపి టెక్స్ట్ అని రాయండి. పాత ఫర్మ్‌వేర్‌లలో (డబ్బా లోపలి సాఫ్ట్‌వేర్) చుక్కలు అక్షరాలైపోతాయి. కొత్తవాటిలో కావు, ఎందుకంటే డబ్బా అసలు పాస్‌వర్డ్‌ని పేజీలోకి పంపదు, ఉత్త చుక్కలే పంపుతుంది.

సెట్టింగుల బ్యాకప్ ఫైల్ ఎప్పుడో తీసి దాచుకున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. రీసెట్ తర్వాత ఆ ఫైల్ ఎక్కిస్తే పీపీపీఓఈ వివరాలతో పాటు మీరు మర్చిపోయిన అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా తిరిగొచ్చి కూర్చుంటుంది. మొదటికే మోసం.

ఇంట్లో రెండు డబ్బాలుంటే, అంటే ఫైబర్ వచ్చే ఓఎన్‌యూ ఒకటి, దాని తర్వాత మీరు కొన్న రూటర్ ఒకటి, పాస్‌వర్డ్ దేనిదో చూసి దాన్నే రీసెట్ చెయ్యండి. మీ వైఫై పేరు ఏ డబ్బాలోంచి వస్తుందో తెలీకపోతే రూటర్ స్విచ్ ఒక్క క్షణం ఆపండి. వైఫై పేరు మాయమైతే దానిదే. ఓఎన్‌యూని అనవసరంగా ముట్టుకోవద్దు. కొన్ని కనెక్షన్లలో దానిలోపల కంపెనీ ఇచ్చిన లాయిడ్ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది. అది చెరిగితే ఫైబర్ లైన్ కలిసిందని చూపే పీఓఎన్ లైటు నిలకడగా వెలగకుండా ఆరుతూ వెలుగుతూనే ఉంటుంది. ఇక ఆపరేటర్ రావాల్సిందే. ఏపీ ఫైబర్‌నెట్‌లా టీవీ కూడా అదే డబ్బాలోంచి వచ్చే ఇళ్ళలో రీసెట్ కొడితే టీవీ కూడా ఆగిపోవచ్చు. సాయంత్రం సీరియళ్ళ వేళ ఈ పని పెట్టుకోకండి.

పిన్ను

డబ్బాకి కరెంటు ఉండాలి, లైట్లన్నీ స్థిరపడి ఉండాలి. స్విచ్ ఆపి నొక్కితే ఏమీ కాదు. సిమ్ ట్రే తీసే పిన్ను సరిగ్గా సరిపోతుంది, లేకపోతే పేపర్ క్లిప్ సాగదీసింది. చీపురుపుల్ల, అగ్గిపుల్ల వద్దు, కొస లోపల విరిగి బటన్ నొక్కుకుపోయి ఉండిపోతే డబ్బా పదే పదే రీసెట్ అవుతూనే ఉంటుంది. రీసెట్ అని రాసి ఉన్న బొక్కలోనే పెట్టండి, గాలి ఆడటానికి ఉన్న రంధ్రాల్లో కాదు. పిన్ను తిన్నగా దిగి టిక్ మని చిన్న బటన్ తగులుతుంది. తగిలాక లెక్కపెడుతూ 10 నుంచి 15 సెకన్లు పట్టుకోండి. లైట్లన్నీ ఒకేసారి వెలిగో ఆరో మారినప్పుడు వదిలేయండి. రెండు మూడు సెకన్లకే వదిలేస్తే కొన్ని డబ్బాలు ఉత్త రీస్టార్ట్ అవుతాయి. అందుకే "రీసెట్ కొట్టినా పాత పాస్‌వర్డే అడుగుతోంది" అనే ఫిర్యాదు. తర్వాత మూడు నిమిషాలు కరెంటు తియ్యొద్దు, ఇన్వర్టర్ లేని ఇంట్లో కరెంటు కోతల వేళ అసలు మొదలుపెట్టొద్దు.

పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి ఊళ్ళో అమ్మానాన్నల చేత వీడియో కాల్‌లో ఇది చేయిస్తుంటే, ఆ కాల్ ముందే మొబైల్ డేటా మీదికి మార్చండి. వైఫై మీదున్న కాల్ పిన్ను నొక్కగానే తెగిపోతుంది, అటు పెద్దవాళ్ళు ఏం పాడుచేశామోనని భయపడతారు.

తిరిగి నిలబెట్టడం

స్టిక్కర్ మీది వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో కలవండి. ఆ పేరు, మీరు ముందు వాడిన పేరు ఒకటే అయితే ఫోన్ పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నించి తప్పని చెబుతుంది. ఫర్గెట్ నొక్కి మళ్ళీ కలవాలి. అడ్మిన్ పేజీలో వ్యాన్ కింద పీపీపీఓఈ ఎంచుకుని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ ఐడీ నింపండి. సర్వీస్ రకం అడిగితే ఇంటర్నెట్, మోడ్ రూట్, ఎంటీయూ 1492, న్యాట్ ఆన్. అతికించేటప్పుడు వాట్సాప్ మెసేజ్ చివరి ఖాళీ కూడా అతుక్కుంటుంది, చివర కర్సర్ పెట్టి చూడండి. యూజర్‌నేమ్ తప్పంటూ తిరగ్గొట్టడానికి ఇదే తరచుగా కారణం.

సేవ్ చేశాక రాకపోతే లక్షణాన్ని బట్టి చూడండి. ఎల్ఓఎస్ ఎర్రగా ఉంటే పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు, వైరు మడతో కనెక్టర్ వదులో చూడాలి. స్టేటస్ పేజీలో ఆప్టికల్ పవర్ మైనస్ 27 డీబీఎం కన్నా కిందికి, అంటే మైనస్ 29, మైనస్ 30కి పడిపోతే లైన్ సమస్య. పీఓఎన్ నిలకడగా పచ్చగా ఉండి, ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అంటే ఐడీ పాస్‌వర్డ్ తప్పు, లేదా రీచార్జ్ అయిపోయింది. రెండోది కూడా ఒకసారి చూసుకోండి. అవతలి నుంచి జవాబే లేకుండా కనెక్టింగ్ దగ్గరే తిరుగుతుంటే ఎక్కువగా వీల్యాన్ తప్పయి ఉంటుంది.

రెండు డబ్బాల ఇళ్ళలో ఇంకో మెలిక. ఓఎన్‌యూ రూట్ మోడ్‌లో 192.168.1.1 మీదుండి, రీసెట్ అయిన రూటర్ కూడా అదే నంబరుకి తిరిగొస్తే రెండూ కొట్టుకుంటాయి, నెట్ రాదు. రూటర్ ల్యాన్ చిరునామాని 192.168.2.1 చేస్తే సరి. కొందరు ఆపరేటర్లు మీ కనెక్షన్‌ని ఒక మ్యాక్ చిరునామాకి, అంటే ఒక్కో పరికరానికీ ఉండే గుర్తింపు నంబరుకి, కట్టేస్తారు. పాత రూటర్ నుంచి కొత్తదానికి మారినప్పుడు ఎవరో మ్యాక్ క్లోన్ చేసి, అంటే పాతదాని నంబరే కొత్తదానికి పెట్టి, ఉంటే రీసెట్‌తో అదీ పోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా నెట్ రాదు. ఆపరేటర్‌కి ఫోన్ చేసి "మ్యాక్ విడుదల చెయ్యండి" అంటే నిమిషంలో అవుతుంది.

వైఫైకి కొత్త పేరు పెట్టాలన్న ఉబలాటం కలగొచ్చు. పాత పేరూ పాత పాస్‌వర్డూ తెలిసి ఉంటే అక్షరం పొల్లుపోకుండా అవే పెట్టండి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కూడా అలాగే. టీవీ, కెమెరా, ప్రింటర్, స్మార్ట్ ప్లగ్ అన్నీ ఏమీ జరగనట్టు వచ్చి కలుస్తాయి. మార్చారంటే ప్రతి కెమెరా దగ్గరికీ నిచ్చెన వేసుకుని వెళ్ళాల్సిందే. స్మార్ట్ ప్లగ్‌లు, చవక కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ మీదే కలుస్తాయి, అందుకే 2.4నీ 5నీ వేరే పేర్లతో ఉంచుకుంటే వాటిని కలపడం తేలిక. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత టీవీలు కలవవు, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్ పెట్టండి.

కొత్త పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు. ఎట్ గుర్తులు, డాలర్ గుర్తులు కుక్కే బదులు ఇంట్లో అందరికీ నోటికొచ్చే నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసేయండి: మాగాయ, పెరుగు, మంచం, వాన, ఇలా. ఒకదానికొకటి పొంతన లేని మాటలైతే మంచిది. ఇరవై అక్షరాలు దాటినా టీవీ రిమోట్‌తో కొట్టడానికి ఇబ్బంది ఉండదు. ఒక్క షరతు: మాగాయలో ఏ ఎన్నిసార్లు రాయాలో ఇంట్లో అందరూ ఒకేలా అనుకోవాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం దీనికి వేరుగా ఉండాలి, లేకపోతే వైఫై ఇచ్చిన ప్రతి చుట్టానికీ సెట్టింగులు కూడా ఇచ్చినట్టే.

చివరగా డబ్ల్యూపీఎస్ ఆపేయండి. బటన్‌తో కలవడం కన్నా దాని వెనకున్న 8 అంకెల పిన్ పద్ధతితోనే ముప్పు. చివరి అంకె సరిచూసుకోవడానికే, మిగతా ఏడింటిని రూటర్ నాలుగు, మూడుగా విడగొట్టి విడివిడిగా సరిచూస్తుంది. దాంతో కోటి ప్రయత్నాలు పట్టాల్సింది గరిష్ఠంగా 11,000కి తగ్గిపోతుంది. 2011లోనే ఇది బయటపడింది. బయటినుంచి రూటర్ సెట్టింగులు తెరవనిచ్చే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంటే అదీ ఆపండి.

ఇక రాసిపెట్టుకోవడం. మూడు పాస్‌వర్డ్‌లూ, వీల్యాన్ నంబరూ, రూటర్ చిరునామా, ఆపరేటర్ ఫోన్ నంబరూ ఒక కాగితం మీద రాసి గ్యాస్ పుస్తకం, కరెంటు బిల్లులు పెట్టే ఫైల్లో పెట్టండి. డబ్బా మీద అతికించొద్దు, అది హాల్లో అందరికీ కనపడుతుంది. స్టిక్కర్ మీది అక్షరాలు రూటర్ వేడికి రెండు మూడేళ్ళలో వెలిసిపోతాయి. ఇప్పుడే దానిమీద వెడల్పాటి సెల్లో టేపు ఒకటి వేసి, ఒక ఫొటో తీసి ఇంట్లో వాట్సాప్ గ్రూపులో కాకుండా మీ ఫోన్లో పెట్టుకోండి.